లంగరు పట్టు

దక్షిణ పినాకిని నది హోసూరు పక్కగా సాగి, కృష్ణగిరి జలాశయంలో ఆగి, అక్కడి నుండి తూర్పుగా ప్రవహించి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. నీరు సముద్రం చేరుతుంది గాని, ఆ నీటి ఒడ్డున పెరిగే పిల్లల్లో సముద్రం చూడనివారు చాలామంది ఉంటారు. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఇక్కడివారికి పడవ అనగానే గుర్తుకు వచ్చేది హొగేనకల్ దగ్గర కావేరిలో తిరిగే పుట్టి. పని ముగిశాక పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లిస్తారు. దానికి లంగరుతో పనిలేదు. అయినా ఆ మాట ఇక్కడ కొత్తది కాదు. తెలుగు పుస్తకంలో అది లంగరు, తమిళ పుస్తకంలో నంగూరం. రెండింటి పోలిక చెవికి ఇట్టే తెలుస్తుంది. తెలుగుమాట పారసీక భాష నుండి వచ్చింది. ఓడలతో పాటు మాటలు కూడా రేవులు దాటుతాయి.

లంగరు వేసిన ఓడ కదలదని అందరూ అనుకుంటారు. అది ఎప్పుడూ నిజం కాదు. 2012 అక్టోబరు 31న 'నీలం' తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. ఆనాడు చెన్నై వెలుపల సముద్రంలో లంగరు వేసి ఉన్న 'ప్రతిభా కావేరి' అనే చమురు నౌక గాలికి, అలలకు కొట్టుకువచ్చి చెన్నై దక్షిణ తీరంలో ఇసుకలో కూరుకుపోయింది. ప్రాణభయంతో కొందరు నావికులు రక్షణ పడవలోకి దిగారు. అలల్లో ఆ పడవ బోల్తాపడి కొందరు చనిపోయారు. ఓడలోనే ఉండిపోయినవారిని మరునాడు తీరరక్షక దళంవారు హెలికాప్టరుతో కాపాడారు. వేల టన్నుల ఉక్కు ఓడను, అంత బరువైన లంగరు ఎందుకు ఆపలేకపోయింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే లంగరు ఎలా పట్టుకుంటుందో తెలియాలి. అందుకు పెద్ద ఓడకన్నా చిన్న తెరచాప నౌకను చూడడం మేలు. దానిలో ప్రతి పనీ ఇద్దరు ముగ్గురు మనుషులు తమ చేతులతోనే చేస్తారు. తప్పు జరిగితే అదీ వెంటనే కనబడుతుంది.

ఐరోపాకూ ఆఫ్రికాకూ నడుమ ఉన్న మధ్యధరా సముద్రంలో ఇటువంటి నౌకలు వేలకొద్దీ తిరుగుతాయి. వాటిని యాట్‌లంటారు. గ్రీసు, ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల తీరాల్లో చాలాచోట్ల కొండలు నీటి అంచుదాకా దిగి ఉంటాయి. ఆ కొండల మధ్య కొడవలి వంపుల్లా చిన్నచిన్న సముద్రపు పాయలు లోపలికి చొచ్చుకువస్తాయి. పగలంతా ప్రయాణించిన నౌక రాత్రికి అటువంటి వంపులో లంగరు వేసుకొని నిలుస్తుంది. ఆ వంపు మూడువైపులా మూసి ఉంటే బెంగలేదు. ఒకవైపు సముద్రానికి బార్లా తెరచి ఉంటే మాత్రం రాత్రి సుఖంగా గడవడం నావికుని తెలివిమీద ఆధారపడి ఉంటుంది.

పది మీటర్ల పొడవుగల యాట్ బరువు అయిదారు టన్నులు ఉండవచ్చు. దాని లంగరు బరువు పదిహేను కిలోలు మాత్రమే. ఒక చిన్నపిల్లవాని బరువు! ఆ బరువే నౌకను ఆపుతుందనుకుంటే లెక్క కుదరదు. పైగా నీటిలో ఏ వస్తువైనా బరువు తగ్గుతుంది. కనుక లంగరు నౌకను ఆపేది బరువుతో కాదు, పట్టుతో.

ఈ పట్టు సంగతి హోసూరు, కృష్ణగిరి రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. మడక కట్టి దున్నేటప్పుడు కర్రు భూమిలోకి దిగుతుంది. ఎద్దులు ముందుకు లాగినంతసేపూ అది మట్టిలోనే ఉంటుంది. నేల గట్టిగా ఉంటే రెండెద్దులూ కలిసి లాగినా అడుగు ముందుకు పడదు. అదే మడకను, చేను చివర తిప్పుకోవడానికి రైతు ఒంటిచేత్తో పైకెత్తుతాడు. కర్రు మట్టిని వదలి సులువుగా వచ్చేస్తుంది. అడ్డంగా లాగితే పట్టు, నిలువుగా లాగితే విడుపు. లంగరు విద్య అంతా ఈ రెండు మాటల్లో ఉంది.

ఇది పోలిక మాత్రమే కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణిత, భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్ తెరచాప నౌకల్లో తిరగడం ఇష్టపడేవాడు. పాతకాలపు లంగర్లు బరువెక్కువ, పట్టు తక్కువ అని ఆయనకు తోచింది. 1933లో ఆయన అచ్చంగా నాగలి ఆకారంలో ఒక లంగరు తయారుచేశాడు. లాగినకొద్దీ అది నేలలోకి దిగబడుతుంది. దానికి 'సీ క్యూ ఆర్' అని పేరు. గబగబా పలికితే భద్రమని అర్థమిచ్చే 'సెక్యూర్' అనే ఇంగ్లీషు మాటలా వినిపిస్తుంది. ఆ తరువాత ఇంకా మంచివి వచ్చాయి గాని, నాగలి లంగర్లు ఇప్పటికీ సముద్రాల మీద కనబడుతూనే ఉంటాయి.

లంగరును అడ్డంగా లాగాలి సరే. నౌక పైన తేలుతూ ఉంటుంది, లంగరు అడుగున ఉంటుంది. లాగు అడ్డంగా ఎలా వస్తుంది? గొలుసును పొడవుగా వదలడం వల్ల వస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. నీటిలోతు 5 మీటర్లు. నౌక ముందుభాగం నీటిపై 1 మీటరు ఎత్తు. మొత్తం 6 మీటర్లు. నావికుడు 12 మీటర్ల గొలుసు వదిలితే, గొలుసు బిగిసినప్పుడు అది నేలతో 30 డిగ్రీల కోణం చేస్తుంది. అంత ఏటవాలుగా లాగితే లంగరు లేచివస్తుంది. ఎత్తుకు అయిదు రెట్లు, అంటే 30 మీటర్లు వదిలితే కోణం పదకొండున్నర డిగ్రీలకు తగ్గుతుంది. పది రెట్లు వదిలితే ఆరు డిగ్రీలకన్నా తక్కువ. మామూలు రాత్రికి అయిదు రెట్ల గొలుసు చాలునని, గాలి పెరిగితే ఏడెనిమిది రెట్లు కావాలని నావికులు చెప్పుకుంటారు. గొలుసుకు బదులు తాడు వాడితే ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే తాడుకు బరువులేదు.

గొలుసు బరువు ఇక్కడ మరొక మేలు చేస్తుంది. గాలి మెల్లగా ఉన్నప్పుడు గొలుసులో చాలాభాగం నేలమీద పడుకొని ఉంటుంది. మిగిలినది వంపు తిరిగి పైకి వస్తుంది. ఒక గాలివిసురు నౌకను వెనక్కు నెట్టగానే ఆ వంపు కొంచెం సాగుతుంది, నేలమీది గొలుసు కొంచెం పైకి లేస్తుంది. విసురు తగ్గగానే మళ్ళీ పడుకుంటుంది. ఈ సాగుడులో కుదుపు కరిగిపోయి లంగరుదాకా చేరదు. అయితే గాలి బాగా పెరిగినప్పుడు గొలుసంతా బిగిసి కడ్డీలా నిలుస్తుంది. అప్పుడు ఇక పొడవే దిక్కు.

గాలి బలం పెరిగే తీరు మనిషి ఊహకు అందదు. గాలివేగం రెండింతలైతే అది నౌకను నెట్టే బలం నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. సాయంకాలం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వీచిన పిల్లగాలికి హాయిగా నిలిచిన లంగరు, అర్ధరాత్రి 60 కిలోమీటర్ల గాలికి తొమ్మిది రెట్ల లాగును తట్టుకోవలసి వస్తుంది. సాయంత్రం బాగానే పట్టింది కదా అని నిద్రపోయినవారు రాళ్ళమీద మేలుకోవడానికి కారణం ఇదే.

తరువాతి విషయం అడుగునేల. రాగిచేనులో దిగిన కర్రు బండమీద దిగదు కదా! ఇసుక, గట్టి బురద లంగరుకు మంచి నేలలు. రాతినేలపై లంగరు జారిపోతుంది, లేదా ఏ పగులులోనో ఇరుక్కొని మరి రాదు. పూర్వం నావికులు లోతు కొలవడానికి తాడుకు సీసపు గుండు కట్టి వదిలేవారు. ఆ గుండు అడుగున చిన్న గుంట ఉండేది. దానిలో జంతువుల కొవ్వు పూసేవారు. పైకి లాగినప్పుడు కొవ్వుకు ఇసుక అంటుకొని వస్తే ఇసుకనేల, బురద అంటితే బురదనేల, ఏమీ అంటకపోతే బండ అని గ్రహించేవారు. ఇంత చవకగా, ఇంత చక్కగా పనిచేసే పరికరాలు కొద్ది.

మధ్యధరా సముద్రంలో నీరు తేటగా ఉంటుంది కనుక అడుగు కంటికే కనబడుతుంది. లేతరంగులో మెరిసేది ఇసుక. నల్లగా కనబడేది పోసిడోనియా అనే సముద్రపు గడ్డి. దాని మీద వేసిన లంగరు వేళ్ళ చాపపై జారిపోతుంది. పట్టినా గడ్డిని పెకలించి వేస్తుంది. చేపలు గుడ్లు పెట్టేది, చేపపిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే. అది తిరిగి పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. అందుకే స్పెయిన్‌కు చెందిన బలారిక్ దీవుల ప్రభుత్వం 2018లో ఆ గడ్డిపై లంగరు వేయరాదని ఉత్తర్వు చేసింది.

లంగరును గబుక్కున విసరరాదు. నౌకను గాలికి ఎదురుగా తిప్పి, మెల్లగా ముందుకు నడిపి, కావలసినచోట ఆపి, లంగరును నేల తాకేవరకు దించాలి. గాలి నౌకను వెనక్కు నెడుతూ ఉండగా గొలుసును కొంచెం కొంచెంగా వదలాలి. ఒక్కసారి కుమ్మరిస్తే గొలుసు లంగరుపైనే కుప్పపడి చిక్కుకుంటుంది. కావలసిన పొడవు వదిలాక ఇంజనును వెనక్కు నడిపి లంగరును నేలలోకి దిగబడేట్టు లాగాలి. అప్పుడు గొలుసుపై అరచేయి పెట్టి చూస్తారు. గొలుసు బిగువుగా, నిశ్చలంగా ఉంటే లంగరు పట్టినట్టు. గరగరమని వణుకు తెలిస్తే అది నేలను గీరుకుంటూ వస్తున్నట్టు.

పట్టిన లంగరు తెల్లవారేదాకా పట్టే ఉంటుందని నమ్మకం లేదు. అందుకు తీరంలో గురుతులు చూసుకుంటారు. నౌకకు ఒక పక్కగా, ఒకే వరుసలో కనబడే రెండు వస్తువులను ఎంచుకోవాలి. ముందు ఒక చెట్టు, దాని వెనుక ఒక గుడిగోపురం అనుకుందాం. రెండూ ఒకే గీతలో ఉన్నంతసేపు నౌక ఉన్నచోటనే ఉన్నది. చెట్టు గోపురం నుండి పక్కకు జరిగిపోతూ ఉంటే, నిజానికి జరుగుతున్నది నౌక. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పి, కదిలితే గంట మోగించే పరికరాలు వచ్చాయి. అయినా అనుభవంగల నావికుడు ఆ రెండు గురుతులు చూసుకోకుండా పడుకోడు. చీకటిలో ఇతరులకు తన ఉనికి తెలిసేందుకు నౌకపై తెల్లని దీపం వెలిగించడం, పగలైతే నల్లని గోళం ఒకటి కట్టడం అన్ని దేశాలవారూ అంగీకరించిన నియమం.

గూటానికి కట్టిన మేక పలుపు పొడవు మేరకు చుట్టూ మేసి గుండ్రని జాడ వేస్తుంది. లంగరు వేసిన నౌకదీ అదే పని. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. 30 మీటర్ల గొలుసు, 10 మీటర్ల నౌక కలిపి చుట్టూ దాదాపు 40 మీటర్ల మేర ఖాళీ ఉండాలి. ఆ మేరలో బండగాని, లోతులేని చోటుగాని, మరొక నౌకగాని ఉండరాదు. మన తూర్పుతీరంలోనైతే పోటుపాటుల లెక్క కూడా చూడాలి. విశాఖపట్నం, కాకినాడల దగ్గర పెద్ద పోటుకు నీరు సుమారు మీటరున్నర ఎత్తు లేస్తుంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల పోటు అరమీటరు కూడా ఉండదు. ఆ ఒక్క విషయంలో అక్కడి నావికులు అదృష్టవంతులు.

గాలి విషయంలో మాత్రం కాదు. దక్షిణ ఫ్రాన్సు తీరంలో మిస్ట్రాల్ అనే చలిగాలి ఉత్తరం నుండి, వాయవ్యం నుండి విరుచుకుపడి కొన్ని రోజులు ఆగకుండా వీస్తుంది. గ్రీసు దీవుల్లో ఎండాకాలంలో మెల్తెమి గాలి వీస్తుంది. రెండూ ఆకాశంలో మబ్బుతునక లేకుండానే రావచ్చు. దక్షిణానికి తెరచిన వంపులో ఉన్న నౌకకు ఉత్తరపు గాలి వచ్చినా కొండ కొంత అడ్డుపడుతుంది. గాలి దక్షిణానికి తిరిగిందా, సముద్రమంతటి అలలు ఆ వంపులోకి వస్తాయి. నౌక తిరగబడి వెనుకభాగం రాళ్ళవైపు అవుతుంది. అలకు నౌక ముందుభాగం లేచిన ప్రతిసారీ గొలుసు నిలువుగా లాగబడుతుంది. ఎంత మంచి లంగరైనా ఆ లాగును ఎంతోసేపు తట్టుకోలేదు. అటువంటిచోట తెలివైన పని ఒకటే. గాలి తిరిగే సూచన కనబడగానే లంగరెత్తి, లోతైన సముద్రంలోకి వెళ్ళిపోవాలి. అందుకే వెలుతురు ఉండగానే బయటికి పోయే దారి, దిక్కు చూసి రాసిపెట్టుకుంటారు. లంగరెత్తే వ్యవధి లేకపోతే గొలుసు చివర ఒక బుంగ కట్టి గొలుసునే వదిలేస్తారు. బుంగ తేలుతూ ఉంటుంది కనుక తరువాత వచ్చి వెదకి తీసుకోవచ్చు. ఒడ్డు దగ్గర ఉంటే క్షేమమని నేలమీది మనిషికి తోస్తుంది. నౌకకు తుపానులో అన్నిటికన్నా పెద్ద శత్రువు ఒడ్డే.

ఈ నియమం మన తీరానికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. బంగాళాఖాతపు పడమటి తీరంలో కొండల వంపులు తక్కువ. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ కొంత మరుగునిస్తుంది. మిగతా చాలా తీరం చదునైన ఇసుక. చెన్నైకి కృత్రిమ రేవు రాకముందు ఓడలు ఒడ్డుకు దూరంగా బట్టబయట లంగరు వేసి నిలిచేవి. మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలను దాటి మనుషులను, సరుకులను చేరవేసేవి. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి సేనాని లా బూర్దొనే మద్రాసును పట్టుకున్నాడు. కోటను గెలిచాడు గాని సముద్రాన్ని గెలవలేదు. అక్టోబరులో వచ్చిన తుపాను అక్కడ లంగరు వేసి ఉన్న ఆయన ఓడల్లో కొన్నింటిని ముంచివేసింది, ఎందరినో పొట్టనబెట్టుకుంది. ఆ తరువాతి కాలంలో కట్టిన రేవుగోడలను సైతం 1881 నవంబరు తుపాను దెబ్బతీసింది. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిన వేళ, విశాఖ వెలుపల నిలిచిన బంగ్లాదేశ్ నౌక 'మా' లంగరు పట్టు తప్పి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ ఒడ్డుకు వచ్చి పడింది. అందులోని పదిహేనుమందీ క్షేమంగా బయటపడ్డారు.

ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే పూర్వం నావికుని కష్టం అంతటితో తీరేది కాదు. తీరంలోని రాజులు ఆ ఓడలోని సరుకంతా తమదని లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఈ అన్యాయాన్ని ఆపింది. తుపానుకు చిక్కి తన తీరం చేరిన ఓడల నుండి నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో మాట ఇచ్చాడు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న పల్లె. శాసనపు రాయి అక్కడ నిలిచి ఉంది, రేవు లేదు.

కాకినాడ దగ్గర మాత్రం గోదావరి తెచ్చిన ఇసుక క్రమంగా పేరుకొని సముద్రంలోకి పొడవైన నాలుకలా సాగింది. దానిని హోప్ దీవి అంటారు. దాదాపు 16 కిలోమీటర్ల ఈ ఇసుకగట్టు బయటి అలలను విరిచి, లోపల నిమ్మళమైన నీటిని ఏర్పరచింది. పెద్ద ఓడలు అక్కడ లంగరు వేసి నిలుస్తాయి, చిన్న నావలు బియ్యం, ఇతర సరుకులు వాటికి చేరవేస్తాయి. ఆ గట్టు మరుగు కూడా మామూలు రోజుల గాలికే. పెనుతుపాను వస్తున్నదంటే అక్కడి ఓడలూ లంగరెత్తి లోతైన సముద్రానికి వెళతాయి.

లంగరెత్తడం వేయడం కన్నా తేలిక. నౌకను మెల్లగా ముందుకు నడుపుతూ గొలుసును లోపలికి లాక్కుంటారు. నౌక సరిగ్గా లంగరు పైకి వచ్చేసరికి గొలుసు నిట్టనిలువుగా నిలుస్తుంది. రాత్రంతా ఆరు టన్నులను పట్టిన ఆ పదిహేను కిలోల ఇనుము అప్పుడు ఒక్క ఊపుకు నేలను వదిలేస్తుంది. దాని రెక్కలకు అంటుకున్న బురదను నావికుడు కడిగే ముందు ఒకసారి వేళ్ళతో నలిపి చూస్తాడు. అది ఏ నేలో గుర్తుపెట్టుకుంటే మళ్ళీ ఆ వంపుకు వచ్చిన రోజున ఉపయోగపడుతుంది.